మిరప రాశి దగ్గర సముద్రపు నవల

ఒక పుస్తకం వల్ల మా ఇంటికి ఏమేం పోయాయో మొన్న ఆదివారం కూర్చుని లెక్క వేశాను. మిర్చి కొట్లో పందిరి రాట పక్కన అమ్మ కూర్చునే చోటు పోయింది. ఆ చోటుతో పాటు ఎండాకాలమంతా ఆమె తట్టలో పడే గుప్పిళ్ళు పోయాయి. మా పేటలో రెండు ఇళ్ళతో రాకపోకలు పోయాయి, వాటిలో ఒక ఇంటితో తర్వాత కలిశాం, రెండో ఇంటితో కలవలేదు. చివరికి అమ్మ గొంతు కూడా పోయింది. మాట పడిపోయిందని కాదు, బతికినన్నాళ్ళూ మాట్లాడుతూనే ఉంది, కానీ పుస్తకం తెరిచి పైకి చదవడం ఆ ఏడాదితో ఆగిపోయింది. ఒక తేలికపాటి నవలకు ఇంత ఖర్చా అని మీరు అనుకోవచ్చు. నేనూ అదే అనుకుంటున్నాను.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఆదివారం పేపరుతో వచ్చిన అనుబంధంలో ఒక పేజీ నిండా ఆ నవల మీద పాఠకుల అభిప్రాయాలు వేశారు. ఇన్నేళ్ళుగా ఎక్కడా దొరకనిదాన్ని ఎవరో మళ్ళీ అచ్చు వేశారట. పేరు నేను రాయను, రాస్తే ఇంకో నాలుగు కాపీలు అమ్ముడవుతాయి, ఆ సాయం చేయడం నాకు ఇష్టం లేదు. తమ తరం ఆడవాళ్ళందరూ దాన్ని దిండు కింద పెట్టుకుని నిద్రపోయేవాళ్ళమని రిటైరైన టీచరుగారు ఒకరు రాశారు. అందులో కథానాయిక కట్టిన చీరల్ని బట్టే తాను ఏ రంగు మీదకు ఏ రంగు నప్పుతుందో నేర్చుకున్నానని ఇంకొకావిడ రాసింది. సముద్రపు గాలి తప్ప ఇందులో సరుకేమీ లేదని ఒకాయన మొదలుపెడితే నాకు ప్రాణం లేచొచ్చింది గానీ, చివరికి వచ్చేసరికి ఆయన కూడా 'అయినా అదొక తీపి జ్ఞాపకం' అని నీళ్ళు కలిపేశాడు. 'మా తరం ఆడవాళ్ళందరూ' అన్న మాట నా లెక్కకు రాదు. ఆ తరంలో నేనూ ఉన్నాను, గుంటూరు మిర్చి కొట్లో రాశి చుట్టూ కూర్చున్న పద్నాలుగు మంది ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ అభిప్రాయం ఏ పేపరువాళ్ళూ అడగలేదు కాబట్టి నేను చెబుతాను.

వీశెలు పోయి కిలోలు వచ్చిన కొత్తరోజులవి. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పాత తూకానికీ కొత్త తూకానికీ మధ్య కొట్లలో రోజూ తగువులే. నేను బడికి వెళ్ళింది తక్కువ. వీశెకు ఎన్ని గ్రాములో, తట్టకు ఎన్ని వీశెలో నోటితో వేసుకుంటూ వేసుకుంటూ లెక్కలు నేర్చుకున్నాను, తర్వాత జీవితమంతా ఆ లెక్కల మీదే బతికాను. అప్పటికి నాకు పెళ్ళీడు వచ్చింది. మా నాయన దూదేకే విల్లు భుజాన వేసుకుని పరుపులు కొట్టిస్తారా అంటూ పొన్నూరు దాకా ఊళ్ళు తిరిగేవాడు. అమ్మా నేనూ మాఘం దాటిన దగ్గర్నుంచి వానలు పడేదాకా ఆ కొట్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయేవాళ్ళం. రాశి చుట్టూ కూర్చున్నవాళ్ళతో మాకు చుట్టరికమేమీ లేదు, కానీ రోజంతా మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంటే వరసలు వాటంతట అవే కుదురుతాయి. అందరికన్నా పెద్దావిడ నాకు పెద్దమ్మ. నోరు ఊరుకోని ఒకావిడ పిన్ని. భర్త బళ్ళు లాగే పనికి వస్తే వాడరేవు నుంచి అతనితో వచ్చి మా పేటలో కాపురం పెట్టిన చిన్నది నాకు వదిన.

ఎండుమిరప గురించి తెలియనివాళ్ళకు ఎంత చెప్పినా తెలియదు. తొడిమ తుంచినప్పుడల్లా గింజ దుమ్ము లేస్తుంది, వేళ్ళు మండుతాయి, సాయంత్రం ఇంటికెళ్ళి చంటిపిల్లను ఎత్తుకోవాలన్నా భయపడాలి. అందుకని పొద్దు గడవడానికి మా కొట్లో ఒక పద్ధతి ఉండేది. చదువు వచ్చిన ఒకరు రాటకు ఆనుకుని కూర్చుని కథల పుస్తకం పైకి చదవాలి. కూలి ఎవరు తీసిన కాయల తూకాన్ని బట్టి వాళ్ళకు, చదివే మనిషి చేతులకు పని ఉండదు గనక ఒక్కో అధ్యాయం అయ్యాక తక్కినవాళ్ళు తాము తీసిన కాయల్లోంచి తలా ఒక గుప్పెడు ఆమె తట్టలో వేయాలి. గుప్పెడంటే ఎంత అన్నది ఎవరి ఇష్టం వాళ్ళది. కథ రక్తి కడితే గుప్పిళ్ళు పొర్లిపోయేవి, కట్టకపోతే మూడు వేళ్ళతో ముక్కుపొడి తీసినట్టు నాలుగు కాయలు రాలేవి. పుస్తకం బాగుందో లేదో చెప్పడానికి అంత నిక్కచ్చి తక్కెడ ఏ పత్రిక విమర్శకుడి దగ్గరా ఉండదని ఇప్పటికీ నా నమ్మకం.

మూడు ఎండాకాలాలుగా అమ్మే చదువుతోంది. ఐదో తరగతి దాకా చదివిన మనిషి, కొంగు తల మీదుగా తెచ్చి చెవి వెనక దోపుకుని, దొంగ మాట్లాడితే దొంగలాగా, ఇన్స్‌పెక్టరు మాట్లాడితే ఇన్స్‌పెక్టరులాగా చదివేది. ఆ చోటు ఆమెకు ఎందుకంత అవసరమో ఇంట్లో మా ముగ్గురికే తెలుసు. అమ్మకు ఆయాసం ఉంది. రాశి దగ్గర ఒక పూట కూర్చుంటే రాత్రి పడుకోలేకపోయేది. రాట గాలివాటుకు ఉండేది కాబట్టి అక్కడైతే నెట్టుకొచ్చేది. పైగా దగ్గేవాళ్ళను పని చేయించే మేస్త్రీ కొట్లోకి రానిచ్చేవాడు కాదు, ఒకరు మొదలుపెడితే రాశంతా దగ్గుతుంది, పని ఆగిపోతుందని వాడి భయం. అమ్మకు ఆయాసమని ఎవరికీ తెలియకూడదు. రాట పోతే అమ్మకు పనే లేదు.

అంతకు ముందు చదివినవన్నీ డిటెక్టివ్ పుస్తకాలు. ప్రతి అధ్యాయానికీ ఒక శవమో ఒక కారో ఉండేది, తట్టకు లోటు ఉండేది కాదు. ఆ ఏడు అద్దె పుస్తకాల కొట్లో డిటెక్టివులన్నీ ఎవరో పట్టుకుపోయారట. అమ్మ అట్ట మీద సముద్రం బొమ్మ చూసి ఈ నవల తెచ్చింది. వాడరేవులో జరిగే కథ, మన వదిన వాళ్ళ ఊరే అని సంబరపడుతూ తెచ్చింది.

కథ ఇంత. మద్రాసులో ఒక డాక్టరుగారి అమ్మాయి పరీక్షలు రాసి అలసిపోయి, గాలి మార్పు కోసం వాడరేవు బంగళాకు వస్తుంది. అక్కడికి ఒక ఇంజనీరు వస్తాడు. ఇద్దరూ మొదట పోట్లాడుకుంటారు, తర్వాత టీ తాగుతారు, తర్వాత ఒకరినొకరు అపార్థం చేసుకుంటారు, మళ్ళీ టీ తాగుతారు. ప్రతి సాయంత్రం ఆ పిల్ల ఒక్కతే సముద్రం ఒడ్డుకు వెళ్ళి కూర్చుంటుంది. ఇరవై అధ్యాయాలు ఇంతే.

మొదటి రోజే పిన్ని అందుకుంది. "పరీక్షలు రాసి అలిసిపోయిందంటనా? అక్కా, ఆ పిల్లని ఇక్కడికి పంపమను. రెండు తట్టలు తొడిమలు తీశాక అలుపంటే ఏందో నేను చెప్తా." రాశంతా నవ్వింది. మర్నాటికి ఆ పిల్ల కట్టిన చీరలు లెక్క పెట్టడం మొదలుపెట్టారు. ఒక్కో పూటకు ఒకటి, ప్రతిదాని అంచూ రాసిన మనిషి తీరిగ్గా వర్ణించింది. ఉప్పునీళ్ళలో తడిపిన పట్టుచీరను మంచినీళ్ళలో జాడించింది ఎవరు, ఆ నీళ్ళు తోడింది ఎవరు, పుస్తకంలో ఎక్కడైనా రాశారేమో చూడమని అమ్మను నిలదీశారు. రాయలేదు. వంట ఎవరు చేస్తున్నారో రాయలేదు. టీ మాత్రం ట్రేలో దానంతట అదే వచ్చేది.

వాడరేవు వదిన కోపం వేరు. మొదట్లో తన ఊరి పేరు వినపడగానే మురిసిపోయి తట్టలో రెండు గుప్పిళ్ళు వేసింది. నాలుగో అధ్యాయానికి మొహం మాడ్చుకుంది. "అత్తా, ఆవిడ ఎప్పుడన్నా మా ఊరు వచ్చిందా? వలలు లేవు, పడవల మీద తారు లేదు, ఎండుచేపల వాసనే లేదు. అంత వాసన రాకుండా ఆ పిల్ల ముక్కు ఏం చేసుకుందో అడుగు," అంది. కథలో ఒక్క చేపలమ్మి ఉంది, ఆమె వచ్చి కథానాయికకు ప్రేమ గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పి చేపలు అమ్మకుండానే వెళ్ళిపోతుంది. అది విన్న రోజు వదిన అమ్మ తట్టలో ఒక్క కాయ వేసింది. ఒక్కటే. అదీ తాలుకాయ, ఎండకు తెల్లబడి ఎవరూ కొననిది. వేస్తూ అమ్మ మొహంలోకి చూసింది కూడా. పుస్తకం రాసింది అమ్మ కాదని ఆమెకు తెలియదా? తెలుసు. కానీ రాసినావిడ మద్రాసులో ఉంది, చదివే మనిషి ఎదురుగా ఉంది.

నచ్చినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. పెళ్ళి కుదిరిన ఇద్దరు పిల్లలు ఇంజనీరు వచ్చినప్పుడల్లా పని ఆపేసేవాళ్ళు. ఇక పెద్దమ్మ ఉంది. ఆవిడ ఏ రోజూ బాగుందనలేదు. ఇంజనీరును వెధవన్నది, ఆ పిల్లను సోమరిపోతన్నది. కానీ ఆ పిల్ల సాయంత్రం పూట ఒడ్డున ఊరికే కూర్చునే ఘట్టం వచ్చినప్పుడు మాత్రం తుంచిన కాయ చేతిలోనే పట్టుకుని వినేది. పిన్ని ఏదో అనబోతే మోచేత్తో పొడిచేది. అక్కడ ఏమీ జరగదు, అల వస్తుంది, పోతుంది. మా అందరికీ ప్రాణం విసిగే చోటు అదే.

ఎండలు ముదిరేసరికి అమ్మ తట్ట సగం కూడా నిండటం లేదు. పుస్తకం మార్చవే అని నేను ఇంట్లో మొత్తుకున్నాను. మొదలుపెట్టింది మధ్యలో వదిలేస్తే ఇక మీదట వీళ్ళు నన్ను చదవమనరు, ఎలాగైనా ముగించి వచ్చేసారి మంచిది తెస్తానంది. అప్పటి నుంచి అధ్యాయాలు త్వరగా అయిపోవడం మొదలైంది. సముద్రం ఘట్టాలు దాదాపు లేకుండా పోయాయి. నాకు హాయిగా అనిపించింది తప్ప ఎందుకని ఆలోచించలేదు.

ఆలోచించింది పెద్దమ్మ. ఆవిడకు అక్షరం ముక్క రాదు, కానీ ఒక అధ్యాయం వినేసరికి తన చేతి కింద సరిగ్గా ఒక తట్ట కాయ తయారవుతుందని ఆవిడకు తెలుసు. కొన్నాళ్ళుగా తట్ట ముప్పాతికకు రాకుండానే అధ్యాయం అయిపోతోంది. చేతులు జోరందుకున్నాయా అంటే ఆ వయసులో అదీ కాదు. ఎవరికీ చెప్పకుండా గమనిస్తూ కూర్చుంది. చివరి అధ్యాయం రోజున ఆ పిల్ల మద్రాసుకు తిరుగు ప్రయాణం కట్టింది, అమ్మ పేజీ తిప్పింది, కారు ఎక్కించేసింది.

"ఆగు," అంది పెద్దమ్మ. "సముద్రం ఏదే?"

అమ్మ తర్వాతి వరస అందుకోబోయింది.

"పోయేముందు ఆ పిల్ల సముద్రం కాడికి పోద్ది. పోకుండా ఎట్టా ఉంటది? ఏదీ ఆ ముక్క?"

"పోతే పీడా పోయింది పెద్దక్కా," అంది పిన్ని. "ఆ ఉప్పునీళ్ళ గోల వినలేక చస్తన్నాం. ఎత్తేసి పుణ్యం కట్టుకుంది."

"నీకు పుణ్యమేమోగానీ నాకు కాదు. నచ్చకపోతే తిడతా, అది నా ఇష్టం. ఇయ్యకుండా ఎగ్గొట్టడం ఏంది? తాలుకాయ పోసినా తూకం తూకమే. ఎన్నాళ్ళ నుంచి కోస్తన్నావే తూకం?"

తూకం కోత అన్న మాట ఆ కొట్లో ఎంత పెద్ద తిట్టో చెప్పాలంటే, దానికి మించిన బూతులు విని నవ్వుకునే ఆడవాళ్ళు ఆ మాటకు నవ్వడం మానేశారు. అప్పటిదాకా పుస్తకాన్ని ఛీ అన్నవాళ్ళే, ఇప్పుడు తమకు రావలసిన పుస్తకం తక్కువైందని అమ్మ వైపు చూడసాగారు. గుప్పిళ్ళు నిండుగా వేశాం కదా అన్నారు కొందరు, వేయలేదు, రోజూ తట్ట చూసిన నాకు తెలుసు. వదిన మాత్రం "అత్తకు మొదటి నుంచీ మనమంటే లెక్క లేదు" అని ఒక మాట వేసింది. గొడవ విని మేస్త్రీ వచ్చి పందిరి కింద నిలబడ్డాడు.

"వెనక్కి తిప్పు," అంది పెద్దమ్మ. "తిప్పి చదువు. అయిపోద్ది."

అమ్మ వెనక్కి తిప్పింది. ఆ పేజీ వైపు చూసింది. చదవడానికి నోరు తెరిచి, మేస్త్రీ వైపు ఒకసారి చూసి, నోరు మూసుకుంది. పుస్తకం కూడా మూసేసింది. "తప్పే అక్కా," అని ఆ ఒక్క మాట అంది. చదివితే తీరిపోయేదానికి అంత మొండితనం ఎందుకో నాకు అర్థం కాక, అందరి ఎదుటా తలకొట్టేసినట్టయింది. ఆ అధ్యాయానికి అమ్మ తట్టలో ఒక్కరూ ఏమీ వేయలేదు.

మర్నాడు రాట దగ్గర ఎవరూ కూర్చోలేదు. అమ్మ రాశి దగ్గరికి వచ్చి మా మధ్య కూర్చుంది. నాలుగు రోజులు కొంగు నోట్లో కుక్కుకుని నెట్టుకొచ్చింది, ఐదో రోజు దగ్గు ఆగలేదు, మేస్త్రీ ఇంటికి పొమ్మన్నాడు. ఆ తర్వాత ఆమె మళ్ళీ ఆ కొట్టు గడప ఎక్కలేదు. ఇంట్లోనే పరుపుల గలీబులు కుట్టేది. ఆ దగ్గు చూశాకైనా పెద్దమ్మ మా గుమ్మం తొక్కుతుందని ఎదురుచూశాను, తొక్కలేదు. వీధిలో ఎదురైతే నేనూ తల తిప్పుకునేదాన్ని. వాడరేవు వదిన పురిటి నొప్పులు పడుతుంటే అమ్మే పరుగెత్తింది కాబట్టి ఆ ఇంటితో మాటలు కలిశాయి. పెద్దమ్మతో కలవకుండానే ఆవిడా పోయింది, కొన్నేళ్ళకు అమ్మా పోయింది. వాళ్ళు మెచ్చాలని సముద్రాన్ని ఎత్తేసి, వాళ్ళ చేతనే మాట పడిందని ఇన్నేళ్ళూ నేను అమ్మ మీద కూడా లోపల లోపల విసుక్కుంటూనే ఉన్నాను.

పేపరు చూసిన మర్నాడు వెళ్ళి ఆ నవల కొన్నాను. డబ్బు దండగని తెలిసే కొన్నాను. టీ పార్టీలన్నీ గుర్తున్నాయి. చీరలన్నీ గుర్తున్నాయి. అంతగా తిట్లు తిన్న చేపలమ్మి కూడా మాటకు మాట గుర్తుంది. మధ్య మధ్యన కొన్ని పేజీలు మాత్రం ఎప్పుడూ వినని కొత్త పేజీలు. అవన్నీ సముద్రమే. నా లెక్క అక్కడ తప్పిందని తెలిసింది. వాళ్ళ మెప్పు కోసమే అయితే అమ్మ ముందు ఎగ్గొట్టవలసింది టీ పార్టీలను, చీరలను, ఆ చేపలమ్మిని. అవి ఒక్క మాట పోకుండా చదివింది. ఎవరికీ విసుగే తప్ప కోపం రాని చోట్లే వదిలేసింది.

ఎందుకో చూద్దామని తలుపు దగ్గరగా వేసి, అమ్మ చదివినట్టే, పద్నాలుగు మందికి వినపడేంత గొంతుతో ఆ చివరి అధ్యాయంలోని సముద్రాన్ని చదివాను. రాసినావిడ సముద్రం వచ్చిన చోటల్లా అలలాగా రాయాలనుకుందో ఏమో, పేజీలకు పేజీలు ఒకటే వాక్యం, ఎక్కడా చుక్క పెట్టలేదు. ఆగుదామంటే ఆగే చోటు లేదు. రెండు పేజీలు దాటేసరికి, ఏ జబ్బూ లేని నాకు, ఫ్యాను కింద కూర్చున్న నాకు, ఊపిరి అందక మధ్యలో ఆగిపోయాను. ఎండలు ముదరకముందు అమ్మ ఇలాంటివి ఎలాగో నెట్టుకొచ్చి ఉంటుంది. ఎండాకాలం నడిమధ్యలో, మిరప ఘాటులో, ఆయాసం మనిషి, ఎదురుగా మేస్త్రీ. వెనక్కి తిప్పి చదివి ఉంటే సగం వాక్యంలోనే దగ్గు అందుకునేది, తన జబ్బు అందరికీ తెలిసిపోయేది. తూకం కోసిందన్న మాట పడటమే నయమనుకుంది. మాకు కూడా చెప్పలేదు.

ఇప్పుడు మిరప తొడిమలు తీసేవాళ్ళు గోడౌన్లలో వరసలు కట్టి కూర్చుంటారు, ఎవరి తట్ట వాళ్ళది, ఎవరి తూకం వాళ్ళది, పైన రేడియోలో సినిమా పాటలు. మొన్న పనిమీద వెళ్ళినప్పుడు కాసేపు నిలబడి చూశాను. ఒకరి కాయ ఇంకొకరి తట్టలో పడటం కనిపించలేదు. పుస్తకాలూ అంతే, ఎవరికి వాళ్ళు పడుకుని చదువుకుంటారు, నచ్చకపోతే మూసేస్తారు, చదివిపెట్టిన మనిషి మీద పోట్లాడే అవసరం ఎవరికీ లేదు. ఆ పోట్లాట నాకు ఇష్టమని కాదు. దానివల్ల మాకు పోయింది చాలా ఉంది, పెద్దమ్మను నేను ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు. నవల కూడా మంచిది కాదు, ఎన్నిసార్లు అచ్చు వేసినా కాదు.

అయినా తూకం తూకమే. ఆవిడ ఎదురుగా కూర్చుని, తుంచిన కాయ చేతిలో పట్టుకుని ఎదురుచూసిన సముద్రం ఆవిడకు అందలేదు. వినని పేజీలన్నీ మూలలు మడిచి రెండుసార్లు లెక్క పెట్టాను. మా ఇంటి నుంచి పెద్దమ్మకు ఇంకా రావలసినవి పదకొండు పేజీలు.